గాజు తొట్టిలోని పెద్ద చేప

ఇంటికి పాడిపశువును తోలుకొని వచ్చుటకు ముందు కొట్టమెక్కడ, గడ్డి యెక్కడ, కుడితి పెట్టువారెవరు అని మన పెద్దలు విచారించెడివారు. కుక్కపిల్లను తెచ్చునప్పుడును ఇంటివారందరు ఒక్కమారైన కూర్చుండి మాటలాడుకొందురు. చేపపిల్లను తెచ్చునప్పుడు మాత్రము ఎవరును ఎవరిని అడుగరు. అంగడివాడు దానిని నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సంచిలో కట్టి యిచ్చును. పిల్లవాడు సంచి చేతబట్టుకొని యింటికి వచ్చును. సాయంకాలమునకు ముందుగది మూలలో గాజు తొట్టి వెలుగుచుండును. ఆ వెలుగు అందమైనదే. కాని ఆ సంచిలోని పిల్ల పెరిగి యెంత యగునో, ఏమి తినునో, ఎన్నేండ్లు బ్రతుకునో, దాని తొట్టి కడుగువారెవరో ఆనాడు ఎవరికిని తోచదు. ఈ వ్యాసమున మేము సోదరీమణులతో ముచ్చటింపదలచినది ఆ సంగతియే.

అన్ని చేపలను గూర్చియు మేము చెప్పుట లేదు. గప్పీలు, మోలీలు వంటి చిన్న చేపలను పెంచుకొనువారికి మా మాటలతో పని తక్కువ. ఇతర చేపలను వేటాడి తినుచు అడుగులకొలది పెరుగు పెద్ద చేపలను ఇండ్లలో పెంచు వాడుక ఇటీవల మన పట్టణములలో కనబడుచున్నది. వానిని పెంచుట తగునా, తగదా? తగునన్నచో ఎట్టి బాధ్యతతో పెంచవలెను? పెంచలేకపోయినచో వాని నేమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలలో మూడవదియే మిక్కిలి కఠినమైనదని మాకు గత వేసవిలో కరీంనగరమున తెలియవచ్చినది.

అచ్చట మా బంధువుల యింట నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర యెత్తు గల తొట్టి యొకటి యుండెను. దానిలో అలిగేటర్ గార్ అను అమెరికా దేశపు చేప యొక్కటి యుండెను. మూతి మొసలి మూతివలె పొడవై, దంతములతో నిండియుండుటచే దాని కాపేరు వచ్చినది. ఆ యింటి కుమారుడు ఇంటరు చదువుచున్న కాలమున జానెడైన లేని పిల్లగా దానిని తెచ్చెను. రెండేండ్లలో అది రెండడుగులు దాటినది. కుమారుడు పైచదువునకై హైదరాబాదు పోయెను. చేప మిగిలెను. దాని పనియు మిగిలెను. ఆ పని తల్లి పాలబడెను.

మేము చూచునప్పటికి ఆ చేప తొట్టిలో సుఖముగ తిరుగలేకుండెను. తొట్టి వెడల్పు అడుగున్నర, చేప పొడవు రెండడుగులపై మాట. వెనుకకు మళ్ళవలెనన్న నడుము వంచి గాజును ఒరసికొనుచు మళ్ళవలెను. మూతికొన గాజునకు కొట్టుకొని తెల్లబారి యుండెను. ఆ తల్లి వారమునకు రెండుమారులు బకెట్లతో నీరు తోడిపోయుచు నడుమునొప్పి తెచ్చుకొనినది. వారిది శాకాహారుల యిల్లు. అయినను చేపముక్కలు కోయుటకై పెరటిలో వేరుగ ఒక కత్తి, ఒక పీట పెట్టుకొని, ముక్కు మూసికొని ఆ పనియు చేయుచుండెను.

సెలవులకు వచ్చిన కుమారుడు ఒకనాడు తల్లితో, "అమ్మా, దీన్ని మానేరు డ్యాంల ఇడిసిపెడ్తనే. పెద్ద నీళ్ళల్ల దాని బతుకు అది బతుకుతది" అనెను. నాయనమ్మకు ఆ మాట నచ్చినది. "ఇడువు బిడ్డా, పుణ్యముంటది. చెరల పెట్టిన పాపం పోతది" అనెను. చేపకు మేతగా చిన్న పరకలు తెచ్చి యిచ్చు స్త్రీ యొకతె అప్పుడే గడపలో గంప దించుకొనియుండెను. ఆమె భర్త ఊరి మత్స్య సహకార సంఘమున సభ్యుడు. ఆమె తలయెత్తి, "అవ్వా, గంత పని చెయ్యకుండ్రి. గది మా నీళ్ళ చేప గాదు. మేం పోసుకున్న పిల్లలను అది మింగితె మేమేం దినాలె?" అనెను.

ఆ గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ముగ్గురును దయతోనే పలికిరి. బాలునికి తన చేపపై దయ. ముసలమ్మకు చెరలోని ప్రాణిపై దయ. చేపలమ్ముకొను నామెకు తన యింటి బిడ్డలపై దయ. తల్లి మావైపు చూచి, "మీరు చదివినవారు గదా, చెప్పండి" అనెను. అప్పటికప్పుడు మేము చెప్పలేకపోతిమి. తరువాత తెలిసికొని, ఆలోచించి, ఆమెకు చెప్పినదే ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట పెంచుట తగునా యను వాదమును చూతము. తగదనువారు చెప్పునది యిది: నదిలో మైళ్ళకొలది తిరుగు ప్రాణిని గాజుగోడల నడుమ నుంచుట హింస, వేటాడుట దాని స్వభావము, తొట్టిలో దానికి వేటయు లేదు, స్వేచ్ఛయు లేదు, చూచువారి వేడుక కొరకు అది యేండ్లతరబడి ఒకేచోట నిలిచి యుండవలెను. తగుననువారు చెప్పునది యిది: తగినంత చోటు, మంచి నీరు, తగిన మేత దొరకినచో చేప ఆరోగ్యముగ బ్రతుకును, శ్రద్ధతో పెంచువారి వలననే అనేక చేపల గుణములు లోకమునకు తెలిసినవి, ఆసియా అరోవానా అను చేప స్వస్థలమున అరుదైపోయినను సింగపూరు, మలేసియా, ఇండొనీషియాల పెంపక కేంద్రములలో పిల్లలను పెట్టుచున్నది, ఆ జాతిలో తండ్రి గ్రుడ్లను, పిల్లలను వారములతరబడి నోటిలో దాచి కాచునని మనుష్యులు పెంచి చూచుట చేతనే వివరముగ తెలిసికొనిరి.

రెండు వాదములలోను సత్యము కలదు. కాని రెండవ వాదమున "తగినంత" అను మాట యెంత పెద్దదో మొదట లెక్కింపవలెను. అంగడిలో నాలుగంగుళముల పిల్లలుగ అమ్మబడు చేపలు పెద్దవైన తరువాత ఎంతెంత యగునో చూడుడు. ఆస్కార్ అడుగు పొడవు పెరుగును. వెండి అరోవానా మూడడుగులు పెరుగును. ఎఱ్ఱతోక క్యాట్‌ఫిష్ మూడు నాలుగడుగులు పెరుగును. షార్క్ అను పేరుతో అమ్ము చిన్న వెండిచేప సొర జాతిది కాదు. అది చెరువులలో పెంచు పంగాసియస్ జాతి. నాలుగడుగుల వరకు పెరుగగలదు. ఇక అలిగేటర్ గార్ మిసిసిపీ నదీప్రాంతపు చేప; ఆరేడు అడుగులు పెరుగుట దానికి సామాన్యము; యాభై యేండ్లకు మించి బ్రతుకగలదు. 2011లో మిసిసిపీ రాష్ట్రమున దొరకిన దొకటి 148 కిలోలు తూగినది. తొట్టి చిన్నదైనచో చేపయు చిన్నదిగనే యుండునని కొందరు అంగళ్ళలో చెప్పుదురు. అది నిజము కాదు. ఇరుకు తొట్టిలో మలినమైన నీటిచే చేప పెరుగుదల కుంటువడును, వెన్ను వంగును, ఆయుష్షు తరుగును. దానిని సరిపడుట యనరాదు.

తొట్టి లెక్క మన వంటింటి లెక్క వంటిదే. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగులలో గుణించి 28తో హెచ్చవేసినచో సుమారుగ లీటర్లు వచ్చును. మా బంధువుల తొట్టి 9 ఘనపుటడుగులు. అనగా సుమారు 250 లీటర్లు. లీటరు నీరు కిలో తూగును. మూడడుగుల చేప మళ్ళి తిరుగుటకు తొట్టి వెడల్పు చేప పొడవునకు తగ్గరాదు; అందుచే ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర యడుగుల యెత్తు కనీసము కావలెను. అది 60 ఘనపుటడుగులు, అనగా సుమారు 1,700 లీటర్లు. గాజు, రాళ్ళు, బల్ల బరువు కాక నీరే 1,700 కిలోలు. మేడమీది గదిలో అంత బరువు పెట్టుటకు ముందు ఇల్లు కట్టిన యింజనీరు నడుగవలసి యుండును. ఏడడుగుల చేపకు తగిన తొట్టి సామాన్య గృహమున పట్టదు. కాబట్టి గార్ వంటి చేప విషయమున పెంపకమెట్లు అను ప్రశ్నయే లేదు. అది యింటిలో పెంపదగిన ప్రాణి కాదు.

ఆస్కార్ వంటి వానిని పెంచదలచినవారు నీటి సంగతి తెలిసికొనవలెను. చేప విసర్జించు మలినమునుండి, తినక విడిచిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. తొట్టిలోని వడపోత సాధనమున నివసించు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప తక్కువ హాని గల నైట్రేటుగను మార్చును. ఈ సూక్ష్మజీవులు స్థిరపడుటకు కొన్ని వారములు పట్టును. తొట్టి కొన్న నాడే చేపను వేయుట, నురుగుబిళ్ళను కుళాయి నీటితో సబ్బుపెట్టి కడుగుట, నీరంతయు ఒక్కమారే మార్చుట — ఈ మూడును శుభ్రత యనుకొని చేయు పొరపాట్లు. వారమునకొకమారు నాలుగవ వంతు నీరు మార్చుట మేలు. పురపాలక సంఘపు నీటిలో క్లోరిను కలిసియుండును గనుక దానిని పోగొట్టు మందు కలిపి పోయవలెను.

మన ప్రాంతపు ఎండను, చలిని మరువరాదు. కరీంనగరమున మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటు దినములు కలవు. ఆదిలాబాదు పల్లెలలో పుష్యమాసపు రాత్రి 10 డిగ్రీల లోపునకు దిగును. ఈ యుష్ణదేశపు చేపలకు 24 మొదలు 28 డిగ్రీల నీరు హితము. నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల వద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు కరగియుండగలిగినచో, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు పడిపోవును. పెద్ద చేపకు ప్రాణవాయువు హెచ్చుగ కావలెను. మధ్యాహ్నము కరెంటు పోయి, గాలి యంత్రము ఆగి, ఇంటివారు ఊరికి పోయియున్నచో సాయంకాలమునకు చేప పైకి తేలియుండును. బ్యాటరీతో నడుచు గాలి యంత్రము ఒకటి యింట నుంచుకొనవలెను. నీటిలో చేయి పెట్టుటకు ముందు మీటలన్నియు ఆర్పి ప్లగ్గులు ఊడదీయవలెను. అరోవానా పైకి ఎగిరి దూకు స్వభావము గలది గనుక బరువైన మూత ఉండవలెను. పెద్ద చేపల తొట్టిలో చిన్నపిల్లలు చేయి పెట్టకుండ చూడవలెను.

మేత విషయమున ఒక దురలవాటు వ్యాపించియున్నది. బంగారు చేపలను సజీవముగ వేసి అవి వేటాడబడుట చూచి పిల్లలు చప్పట్లు కొట్టుదురు. ఇందు రెండు దోషములున్నవి. ఒక ప్రాణి ప్రాణభయమును పిల్లలకు వినోదముగ నేర్పుట మొదటిది. బంగారు చేపల శరీరమున బి-1 విటమినును నాశనము చేయు పదార్థమొకటి యుండుట రెండవది. ఎల్లప్పుడు వానినే తిను పెద్ద చేప క్రమముగ జబ్బుపడును. అంగడిలో తెచ్చిన చేపలతో రోగములును తొట్టిలోనికి వచ్చును. కోడి, మేక మాంసపు కొవ్వు చేపకు జీర్ణము కాదు. రొయ్య, చేప ముక్కలు, మాంసాహారి చేపలకై తయారుచేసిన గుళికలు మార్చి మార్చి పెట్టుట మంచిది. పెరిగిన చేపకు వారమునకు రెండు మూడుమారులు పెట్టిన చాలును.

వాస్తుకై, అదృష్టమునకై అరోవానాను తెచ్చువారును కలరు. అది చచ్చిపోయినచో ఇంటి కీడును తనతో కొనిపోయినదని తృప్తిపడుదురు. చెడిన నీటిలో ఊపిరాడక చచ్చిన చేపకు ఆ గొప్ప నంటగట్టుట న్యాయము కాదని మా మనవి.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. పెంచలేని చేపను నీటిలో విడుచుట పుణ్యమా? ధర్మపురి గోదావరి రేవులో చేపలకు మరమరాలు చల్లు చేతులు మనవి. ప్రాణికి స్వేచ్ఛ నిచ్చుట మంచిదని మన మనస్సు వెంటనే చెప్పును. కాని ఏ ప్రాణిని ఏ నీటిలో విడుచుచున్నాము?

మన ఉత్తర తెలంగాణమున నీళ్ళన్నియు ఒకదానితో నొకటి ముడిపడియున్నవి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకినచో దిగువ చెరువు నిండును. అది వాగై మానేరులో కలియును. మానేరు గోదావరిలో కలియును. కరీంనగరము ప్రక్కననే యున్న దిగువ మానేరు జలాశయమునకు శ్రీరాంసాగరమునుండి కాకతీయ కాలువ ద్వారా గోదావరి నీరే వచ్చును. 2022 జులైలో కడెం ప్రాజెక్టు తలుపులపైనుండి వరద పొర్లినప్పుడు ఆ నీటిని ఆపగలవా రెవరు? ఊరి కుంటలో విడిచిన చేప ఊరి కుంటలోనే యుండునని తలచుట పొరపాటు.

2018 ఆగస్టులో కేరళమున వరదలు వచ్చినప్పుడు ఇట్లే జరిగినది. వరద తీసిన పిమ్మట అచ్చటి నదులలో దక్షిణ అమెరికాకు చెందిన అరపైమా, ఉత్తర అమెరికాకు చెందిన అలిగేటర్ గార్ జాలరుల వలలకు చిక్కినవి. అవి పెంపకపు చెరువులనుండియు, తొట్లనుండియు కొట్టుకొని వచ్చినవే. 2023 మే నెలలో కాశ్మీరమందలి దాల్ సరస్సును శుభ్రము చేయుచుండగ ఒక గార్ దొరకినది. మిసిసిపీ చేప తనంత తాను శ్రీనగరమునకు ఈదుకొని రాలేదు.

వేటచేపలు మాత్రమే కాదు. తొట్టి గాజునంటిన పాచిని తినునని అందరు కొను సకర్ చేప అడుగునకు మించి పెరిగి, విసుగు పుట్టి, కాలువల పాలైనది. ఒంటినిండ గట్టి పెంకులు, పదునైన ముళ్ళు గల ఆ చేపను మన జాలరులు దెయ్యపు చేప యని తిట్టుదురు. అది వలలను చింపును. మన చేపల గ్రుడ్లను, మేతను పాడుచేయును. దానిని కొనువారు లేరు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చెరువునీటిలోని డి.ఎన్.ఏ. జాడలను బట్టి దాని యునికిని పసిగట్టు పద్ధతిని ఏర్పరచవలసి వచ్చినది. తూర్పు కనుమల జలాశయములలో అది యనేక చోట్ల బయటపడినది.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: "మన నీళ్ళలో వేటచేపలు లేవా? కొర్రమట్ట చిన్న చేపలను మింగదా? వాలుగ మింగదా?" మింగును. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్రపు చేప. కాని అది యుగములుగ ఈ చెరువులతోనే పెరిగినది. దాని రాకను గుర్తెరిగి తప్పించుకొనుట ఇచ్చటి పరకలకు తెలియును. దాని పిల్లలను తిను జీవులును ఇచ్చటనే కలవు. వానకాలమున చెరువు గట్టున నిలిచి చూచినవారికి తెలియును: ఎఱ్ఱని పిల్లలు వందలు గుంపుగ నీటిపైకి వచ్చి ఊపిరి పీల్చుచుండ, క్రింద తల్లిదండ్రులు కావలి తిరుగుచుండును. అది తన యింట తానున్న చేప.

అదే కొర్రమీను కుటుంబపు చేప పరాయి నీటిలో పడినప్పుడు ఏమైనదో వినుడు. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమందలి క్రాఫ్టన్ అను ఊరిలో ఒకాయన జబ్బుపడిన తన సోదరికి పులుసు కాచి యిచ్చుటకై న్యూయార్కు బజారునుండి రెండు బ్రతికిన చేపలను తెప్పించెను. అవి చైనా ప్రాంతపు కొర్రమీనులు. అవి చేరునప్పటికి ఆమెకు నెమ్మదించినది. చంపుటకు మనసొప్పక ఆయన వానిని తొట్టిలో పెంచెను. అవి పెరిగి పోషింప వీలుకానప్పుడు తీసికొనిపోయి ఊరి చెరువులో విడిచెను. 2002లో ఆ చెరువున పెద్ద చేపలతో పాటు వందలకొలది పిల్లలు కనబడెను. ప్రభుత్వమువారు గత్యంతరములేక ఆ చెరువునకు విషము పెట్టిరి. దానిలోని చేపలన్నియు చచ్చినవి. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము ఆ కుటుంబపు చేపలను సజీవముగ దేశములోనికి తెచ్చుటను నిషేధించెను. రెండేండ్లకు పోటోమాక్ నదిలోను అవి కనబడినవి. నేటికిని అచ్చట నిలిచియున్నవి.

సోదరీమణులారా, ఆ మనుష్యుడు క్రూరుడు కాడు. సోదరిపై ప్రేమతో కొనెను, ప్రాణిపై జాలితో చంపడాయెను, జాలితోనే విడిచెను. రెండు చేపలపై చూపిన జాలికి ఒక చెరువు మూల్యము చెల్లించినది. కరీంనగరపు గదిలో మేము వినిన మాటలును ఇట్టి జాలిమాటలే.

మన చెరువులో నష్టమెవరిదో కూడ తలంపవలెను. 2016–17లో రాష్ట్ర ప్రభుత్వము చెరువులలో ఉచితముగ చేపపిల్లలను వదలు పథకమును ప్రారంభించినది. రవ్వు, బొచ్చె పిల్లలు వేలుపొడవుండగ చెరువున పోసి, ఎండకాలము వరకు కాచుకొని, పట్టి అమ్మి, ముదిరాజులు, గంగపుత్రులు వంటి జాలరి కుటుంబములు బ్రతుకుచున్నవి. గంప నెత్తిన బెట్టుకొని సంతకు పోవునది ఆ యింటి స్త్రీయే. ఒక పెద్ద విదేశపు చేప ఆ కుంటలో ఒక్క యేడు మేసినచో తగ్గునది ఆమె గంపలోని తూకము. మన తొట్టి బరువును దించుకొనుటకు ఆమె గంపను తేలిక చేయు హక్కు మనకు లేదు.

అంతేకాదు, విడిచిన చేపకును మేలు జరుగునని నమ్మరాదు. చేతిమేతకు అలవాటుపడినది వేటాడనేరక క్షీణించి చావవచ్చును. బ్రతికినచో పైన చెప్పిన హాని చేయును. అది చచ్చినను నష్టమే, బ్రతికినను నష్టమే. మన నీటిలో పట్టిన కొర్రమీను పిల్లయైనను విదేశపు చేపలతో తొట్టిలో కలిసియుండినచో వాని రోగములను మోసికొనిపోగలదు గనుక తిరిగి చెరువున విడువరాదు.

మరి యేమి చేయవలెను? మొదట అమ్మిన అంగడివాని నడుగవలెను. తరువాత పెద్ద సిమెంటు తొట్లు గల పెంపకందారులను, జిల్లా మత్స్యశాఖవారిని విచారింపవలెను. కొన్ని చేపల విషయమున చట్టమును కలదు: 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును సవరించి, అంతర్జాతీయ ఒప్పందమున చేరిన విదేశపు ప్రాణులను ఇండ్లలో ఉంచుకొనువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేసికొనవలెనని నిర్ణయించిరి, ఆ సవరణ 2023 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది, 2024లో నమోదు నియమములు వెలువడినవి. ఆసియా అరోవానా, అరపైమా ఈ పట్టికలోనివే. అదే సవరణలో హానికరమైన పరదేశపు జాతుల వ్యాపారమును, పెంపకమును అదుపుచేయు అధికారము కేంద్ర ప్రభుత్వమున కీయబడినది.

ఎవరును తీసికొననప్పుడు మిగులునది కఠినమైన దారి. పశువైద్యుని సలహాపై, లవంగనూనెలోని యూజెనాల్ అను మత్తుపదార్థమును హెచ్చు మోతాదున కలిపిన నీటిలో చేపను ఉంచినచో అది మత్తు గొని, నొప్పి తెలియక ప్రాణము విడుచును. పిదప దానిని పాతిపెట్టవలెను, తినరాదు. ఈ మాట వ్రాయుటకు మాకును చేయి వెనుకాడినది. కాని బాధ్యత యనగా మొదటినాడు సంచి విప్పుట మాత్రమే కాదు. కడపటినాడును దగ్గర నిలుచుట.

మా బంధువుల యింటి చేపకై ఆ కుటుంబమువారు నెలదినములు విచారించిరి. అమ్మిన అంగడిలో తీసికొనమనిరి. హైదరాబాదున పెద్ద తొట్లు గలవా రిద్దరు తమవద్దనే అట్టివి మిగిలియున్నవని చెప్పిరి. ఒకనాడు పశువైద్యుడు వచ్చెను. కుమారుడు గదిలోనుండి వెలుపలికి పోబోయెను, తల్లి అతని చేయి పట్టుకొని, "ఉండు బిడ్డా. తెచ్చింది నువ్వే గద" అనెను. అతడు నిలిచెను. చేప కదలిక ఆగువరకు తొట్టి ప్రక్కననే నిలిచి యేడ్చెను. నాయనమ్మ దేవుని గదిలో దీపము వెలిగించి వచ్చి, పెరటిలో జామచెట్టు క్రింద గుంట త్రవ్వించెను. మరునాడు చేపలామె గంపతో వచ్చి, మేత అక్కరలేదని విని, ఏమియు అనక, ఆ తల్లి చేయి ఒకమారు పట్టుకొని పోయెను.

తొట్టి నేడు ఖాళీగ నున్నది. మరల చిన్న చేపలను తెత్తమని కుమారుడు అడిగినప్పుడు తల్లి కాదనలేదట. అయితే మూడు ప్రశ్నలకు కాగితముపై జవాబు వ్రాసి తెమ్మన్నదట: పెద్దదైనచో అది యెంత యగును? నీవు లేనప్పుడు దాని పని యెవరిది? పెంచలేని నాడు దాని నేమి చేయుదువు?

సోదరీమణులు తమ యింటికి ఏ చేప రాబోవుచున్నను ఈ మూడు ప్రశ్నలను ముందుగనే యడుగవలెనని మా ప్రార్థన. తొట్టి యెవరు కొనినను దాని బరువు మోయునది తరచుగ మనమే గనుక అడుగు హక్కు మనకు కలదు. మూడవ ప్రశ్నకు జవాబు దొరకనినాడు ఆ చేపపిల్లను అంగడిలోనే విడిచి వచ్చుట మంచిది.